గడియకుడుక: అనంతపుర మండలమునఁ గాలమానసమస్యలు

కాలమును గొలుచు సాధనము సరియైనదని నిర్ణయించుటకు వేఱొక సాధనము కావలయును. ఆ రెండవదాని సత్యమును దేల్చుటకు మూఁడవది కావలయును. ఈ వరుస యెచ్చటనో యొకచోట నిలువకున్న ననవస్థాదోషము తప్పదు. యంత్రగడియారములు లేని కాలమున మన పూర్వు లీ చిక్కును విడఁదీసిన తెఱఁగు జ్యోతిషసిద్ధాంతములయందు సూత్రరూపమున నిమిడియున్నది. ఆ సూత్రములను వల్లించువారు పెక్కండ్రు. వానిలోని తర్కమును విప్పి చూచువారు కొలఁదిమంది. అనంతపుర మండలము వంటి నీటికఱవు గల పీఠభూమియం దీ విచారము పాండిత్యవినోదముగా మాత్రమే మిగులదు. ఇచ్చటఁ గాలమనఁగా నీరే.

ఈ ప్రాంతమున సాలీనా పడు వాన సగటున 550 మిల్లీమీటర్ల చొప్పుననే. పెన్న, చిత్రావతి, వేదవతి యను నదులు సంవత్సరమునఁ బెక్కునెలలు ఇసుకతిప్పలుగా నుండును. కావున నిచ్చటి సేద్యము చెఱువులను, నదీగర్భమునఁ ద్రవ్విన యూటకాలువలను, కపిలెబావులను నమ్ముకొని సాగినది. అనంతపురము పేరే యొక చెఱువును బట్టి వచ్చినదనియు, నా చెఱువును బుక్కరాయల మంత్రి కట్టించెననియు స్థానికచరిత్ర చెప్పును. ఒక బావికిఁ గాని, యొక కాలువకుఁ గాని పలువురు పాలివారున్నప్పుడు నీటిని కుంచములతోఁ గొలిచి పంచుట యసాధ్యము. పాఱుచున్న నీటిని గాలముచేతనే పంచవలయును. చెఱువు క్రింద నీరుగంటి చూపు పక్షపాతము లేనిదైనను, వానికిని నొక కొలత కావలయును గదా.

ఇచ్చట మొదటనే యొక భేదమును గ్రహింపవలసియున్నది. కాలమానము రెండు ప్రయోజనములకుఁ గావలయును. పెండ్లిముహూర్తమునకు, గ్రహణస్నానమునకు, శాసనములలోఁ జెప్పెడి పుణ్యకాలదానములకుఁ గాలము సత్యముగాఁ దెలియవలయును. అనఁగా సూర్యచంద్రుల గతికి సరిపడవలయును. నీటివంతున కట్టి సత్యముతోఁ బనిలేదు, సమత్వము చాలును. గడియ యని చెప్పునది నిజముగా గడియ కాకున్నను, ఎల్లవారి గడియయు నొక్కటియే యైనచో నెవ్వనికిని నష్టము లేదు. ఈ రెంటిని గలపివేయుటచేతనే పూర్వుల సాధనములను గూర్చి మనవారు కొందఱు మిక్కిలి పొగడుటయు, మఱికొందఱు మిక్కిలి తెగడుటయు సంభవించినది.

గడియ శబ్దము సంస్కృత ఘటికాశబ్దభవము. ఘటిక యనఁగాఁ జిన్నకుండ. పాత్ర పేరే కాలమునకుఁ బేరైనది. ఆ పాత్రకుఁ దెలుఁగున గడియకుడుక యని పేరు. కుడుక యన నెండుకొబ్బరిచిప్ప, ఆ యాకారపు గిన్నెకును నదే పేరు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటితొట్టిలోఁ దేలవిడిచినచో, రంధ్రముగుండ నీరెక్కి కొంతసేపటికి గిన్నె మునుఁగును. సూర్యసిద్ధాంతము దీనిని గపాలయంత్ర మనియు, అహోరాత్రమున 60 మాఱులు మునుఁగుననియు, తొట్టినీరు నిర్మలముగా నుండవలెననియుఁ జెప్పినది. అర్థశాస్త్రమునందలి నాళిక కుండనుండి నీటిని వెలికి విడుచునది. దానికి నీరు మాటిమాటికిఁ బోయవలయును. కుడుకకట్లు గాదు, తొట్టిలోని నీరు గిన్నెలోనికిఁ బోయి మరలఁ దొట్టికే వచ్చును. నీరు కఱవైన నేలకు రెండవదియే తగినదని చెప్పనక్కఱలేదు.

ఇఁక ముఖ్యవిషయము. ఆ కుడుక సరిగా గడియకు మునుఁగునట్లు చేయుటెట్లు? 8వ శతాబ్దివాఁడగు లల్లుఁడు దీనికిఁ గొలత లిచ్చెను: 10 పలముల రాగి, 6 అంగుళముల యెత్తు, 12 అంగుళముల వెడల్పు, అర్ధగోళాకారము, 3⅓ మాషముల బంగారమును 4 అంగుళముల సూదిగాఁ దీసి దానితోఁ బొడిచిన రంధ్రము. చదువుటకుఁ జక్కఁగా నున్నది. కాని కంచరి యీ లెక్కనే చేసినను, రాగి యొకచోట మందము, ఒకచోటఁ బలుచన కావచ్చును. రంధ్రపుటంచు నున్నగా నుండకపోవచ్చును. రంధ్రము వెంట్రుకవాసి మాఱినఁ గాలము మాఱును. పైగా నంగుళము, మాషము ననునవి దేశదేశమునకు వేఱు.

1114లో జన్మించి 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుఁ డీ కొలతల నన్నిటిని నొక్కమాటతోఁ ద్రోసివైచెను. అవి యుక్తిశూన్యములు, చేయుటకు దుర్ఘటములు నని యాతని యభిప్రాయము. రాగిగిన్నె యేదైనను సరే, రంధ్ర మేపాటిదైనను సరే. అహోరాత్రమున నది యెన్నిమాఱులు మునుఁగునో లెక్కింపుము. 60 గడియలను నా సంఖ్యచే భాగింపుము. వచ్చిన ఫలమే యా గిన్నె మునుఁగు కాలము. గిన్నె 73 మాఱులు మునిఁగినచో నొక్కొక్క మునుక 60/73 గడియ. ఇంతే.

ఇది చిన్నమాటగాఁ దోఁచును గాని, నా బుద్ధికి మన యంత్రాధ్యాయములలో నింతకు మించిన యూహ కానరాదు. లల్లుఁడు సాధనమును సరిచేయఁ జూచెను. భాస్కరుఁడు సాధనమును దానిమానాన విడిచి లెక్కను సరిచేసెను. గిన్నె సత్యముగా నుండవలసిన పనిలేదు, ఒకేరీతిగా నుండినఁ జాలును. అనవస్థ యిచ్చట నిలిచినది: సూర్యోదయమునుండి సూర్యోదయమువఱకుఁ గల కాలమే కడపటి సాక్షి. దానికి వేఱు సాక్షి యడుగువాఁడు లేఁడు.

మఱియొక సూక్ష్మము కలదు. మునిఁగిన గిన్నెను దీసి, నీరు పాఱఁబోసి, మరలఁ దేల్చుటకుఁ గొంచెము కాలము పట్టును. రెండు సెకండ్లే యనుకొందము. లల్లుని గిన్నె నిక్కముగా గడియకు మునుఁగునదే యైనను, 60 మాఱులకు 120 సెకండ్లు, అనఁగా 5 విఘడియలు దినమున కెక్కడనో జాఱిపోవును. భాస్కరుని లెక్కలో నీ నష్టము లేదు. ఎత్తి తేల్చుకాలము గూడ మునుకలో భాగమై, దానితోఁ గలిసియే లెక్కకు వచ్చును. చేయి యొకేరీతిగా నాడినఁ జాలును.

దినము ముగియునప్పటికి గిన్నె సగము నిండియున్న నేమి చేయవలయునని శిష్యుఁ డడుగవచ్చును. సగములోఁతు నిండినది గావున సగముకాలమని చెప్పిన ఘోరమైన తప్పు. అర్ధగోళపాత్రకు సగములోఁతువఱకుఁ బట్టు నీరు మొత్తమున 5/16 మాత్రమే. అదియుఁ గాక, అడుగున గిన్నె యిఱుకగుటచే వెలుపలి నీటిమట్టమునకు లోపలి మట్టమునకు నంతర మెక్కువయై నీరు మొదట వేగముగా నెక్కును. పైకి వచ్చుకొలఁది నెమ్మదించును. కాఁబట్టి సగములోఁతు నిండుటకు 5/16 కాలముగూడఁ బట్టదు. గిన్నెలో గీఁతలు గీసి విఘడియలు చదువఁబోవువాఁడు మోసపోవును. పూర్ణమైన మునుకనే యెన్నవలయును. శేషమును దగ్గించుటకు మార్గ మొక్కటే: పది దినములు లెక్కించుట. పది దినములలో 733 మునుక లైన దినమునకు 73 మునుకలును మూఁడుపదులవంతులును. కడపట మిగిలిన యరకొఱ పదింట నొకవంతై పోవును.

లీలావతికథ యందఱకుఁ దెలిసినదే. వివాహముహూర్తమునకై తేల్చిన కుడుకలో ముత్యము పడి రంధ్రము మూసికొనఁగా ముహూర్తము తప్పెనని చెప్పుదురు. ఇది భాస్కరుని గ్రంథములలో లేదు. 1587లో లీలావతిని బారసీకమునఁ దెనుఁగుఁజేయుట వంటి పనిచేసిన ఫైజీ పీఠికలో వచ్చినది. కథ కల్పితమైనను దానిలోని తర్కము కల్పితము గాదు. ఒంటికుడుక తనపైఁ దాను సాక్ష్యము చెప్పఁజాలదు. మునుఁగకపోవుట కాలము కాకపోవుటచేతనో రంధ్రము మూసికొనుటచేతనో చూచువాని కెఱుక లేదు. రెండు కుడుకలు తేలుచుండిన నా ముత్యము దొరకిపోయెడిది.

రెండు కుడుకలు వచ్చుటతోడనే కుట్టకగణితము వచ్చును. ఒకటి 5 గడియలకు, మఱియొకటి 3 గడియలకు మునుఁగు గిన్నెలు గలవనుకొందము. ఒక్క గడియను గొలుచుటెట్లు? రెంటిని నొక్కసారి తేల్పవలయును. చిన్నది 3వ గడియయందు మునుఁగఁగానే మరలఁ దేల్పవలయును. పెద్దది 5వ గడియయందు మునుఁగును, చిన్నది 6వ గడియయందు మునుఁగును. ఆ రెండు మునుకలకు నడుమ గడియ. 7, 5 విఘడియల గిన్నెలైనచో చిన్నదాని నాల్గవమునుక 20కి, పెద్దదాని మూఁడవమునుక 21కి వచ్చును, నడుమ విఘడియ. 6, 4 గడియల గిన్నెలతో నెన్ని తిప్పలు పడినను నొక్క గడియ రాదు, ఏలనన రెంటికిని 2 సామాన్యభాజకము. 499లో ఆర్యభటుఁడు చెప్పిన కుట్టకమున కిది ప్రత్యక్షోదాహరణము. పంతుళ్లు తొట్టి ముందఱఁ గూర్చుండఁబెట్టి బాలురచేఁ జేయింపఁదగినది.

నేఁటి వినోదగణితములలో నిసుకగడియారములతోను, కాలుచున్న త్రాళ్లతోను నిట్టి సమస్యలు గలవు. వానికిని కుడుకకును భేద మున్నది. ఇసుకగడియారమును నడుమనే తలక్రిందు చేసినఁ బడినంత యిసుకయే మరలఁ బడును; అనఁగాఁ గాలమును వెనుకకు మరలింపవచ్చును. గంటకుఁ గాలు త్రాటిని రెండు కొనల నొక్కసారి యంటించినచో, త్రాడు హెచ్చుతగ్గులుగాఁ గాలునదైనను నరగంటకే ముగియును. కుడుక కీ యుపాయములు రెండును జెల్లవు. అది ముందునకే నడచును. నడుమ నెత్తిన నంతవఱకుఁ జేసినపని వ్యర్థము. అందుచేతఁ గుడుకతోఁ గొలిచెడి స్వల్పకాలము వెంటనే మొదలుకాదు, ముందుగా సిద్ధపఱచుకొని వేచియుండవలయును. త్రాటికిని కుడుకకును సామ్యము మాత్ర మొకటి కలదు. త్రాడు సమముగాఁ గాలనక్కఱలేదు, గిన్నె సమముగా నిండనక్కఱలేదు. పూర్ణక్రియ యొక్కటియే ప్రమాణము.

పాత్ర లేనివాని గతి యేమి? వాని కంఠమే సాధనము. ఆర్యభటుఁడు 60 గుర్వక్షరముల యుచ్చారణకాలము విఘడియ యనియు, 6 ప్రాణములు నదేకాల మనియుఁ జెప్పెను. ప్రాణమనఁగా స్వస్థుని యొక యుచ్ఛ్వాసనిశ్వాసము. దినమునకు 21,600 ప్రాణములు. భచక్రమునకును 21,600 కలలు. ప్రాణమున కొక కల చొప్పున నాకసము తిరుగునన్న మాట. ఈ లెక్క నక్షత్రదినమునకు. సావనదినమునకు దాదాపు 10 విఘడియ లెక్కువ.

ఈ గుర్వక్షరముల లెక్కను మన వృత్తములకుఁ బట్టించి చూచితిని. గురువులో లఘువు సగమను ఛందశ్శాస్త్రపరిభాషనే తీసికొందము. శార్దూలవిక్రీడితపాదమున మ స జ స త త గ; గురువులు 11, లఘువులు 8. ఎనిమిది లఘువులు నాలుగు గురువులకు సమానము గాన, పాదమునకు 15 గురువులు, నాలుగు పాదములకు 60. శార్దూలపద్య మొక్కటి సరిగా నొక విఘడియ! మత్తేభమున స భ ర న మ య వ. గురువులు 10, లఘువులు 10. పాదమునకు మరల 15. అదియు విఘడియయే. ఉత్పలమాలలో గురువులు 8, లఘువులు 12. చంపకమాలలో గురువులు 7, లఘువులు 14. రెంటికిని పాదమునకు 14 గురువులే. పద్యమునకు 56. కావునఁ బదునైదు చంపకములు పదునాలుగు విఘడియలకు సరిపోవును.

దీనినిబట్టి, శార్దూలమత్తేభములతో నడచిన కాళహస్తీశ్వరశతకమున 108 పద్యములను రాగము తీయక సమవేగమునఁ జదివిన గడియయు 48 విఘడియలు కావలయును. ఉత్పలచంపకములతో నడచిన దాశరథీశతకమున నన్ని పద్యములకే గడియయు నించుమించు 41 విఘడియలు చాలును. చదువరి కంఠము త్వరపడుటయు మందగించుటయుఁ గలదు గాన నిది ముహూర్తమునకుఁ బనికిరాదు. విఘడియను గొలుచుటకు మాత్రము, గిన్నెలోని గీఁతలకన్న శార్దూలపద్యమే నమ్మఁదగినది.

పగటివేళ నీడ యుండఁగాఁ దొట్టి యేల యనవచ్చును. 628లో బ్రహ్మగుప్తుఁడును, 9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుఁడును నొక సులభసూత్ర మిచ్చిరి. ఈ మహావీరుని గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెనిఁగించెను. మహావీరుఁడు వ్రాయునాఁటికి మన మడకశిరసీమలో హేమావతి నొళంబులకు రాజధాని. సూత్ర మిది: నీడను శంకువుచే భాగించి, ఒకటి కలిపి, దానిచే దినార్ధమును భాగించిన గతకాలము గాని శేషకాలము గాని వచ్చును. నీడ శంకువునకు సమమైన దినపాదము. నీడ లేకున్న మధ్యాహ్నము.

అనంతపురమున నీ సూత్ర మెట్లు పనిచేయునో లెక్కించి చూడుఁడు. ఊరి యక్షాంశము 14 అంశల 41 కలలు. ఏప్రిలు చివరను, ఆగస్టు రెండవవారమునను సూర్యుఁడు నడినెత్తికి వచ్చును. ఆ దినములలో మధ్యాహ్నచ్ఛాయ శూన్యము. ఆ దినమున దినమానము 31 గడియల 19 విఘడియలు. నీడ శంకువునకు సమమైనప్పుడు సూత్రమునుబట్టి 7 గడియల 50 విఘడియలు. గోళగణితమున వచ్చు నిజకాలము దీనికి నాలుగు విఘడియల లోపు భేదముతోనే యుండును. ఇంత చిన్నసూత్రమున కింత సూక్ష్మత యాశ్చర్యము. కాని డిసెంబరు మూఁడవవారమునకు రండు. 12 అంగుళముల శంకువునకు మిట్టమధ్యాహ్నమున 9 అంగుళములకుఁ బైఁబడి నీడ యుండును. సూత్రము నప్పుడు 7 గడియల 48 విఘడియలని చెప్పును. నిజముగాఁ గడచినవి దాదాపు 14 గడియలు. ఆఱు గడియల మోసము! నడినెత్తి సూర్యునకుఁ బుట్టిన సూత్రమును శీతకాలమునకుఁ బట్టించుటయే కారణము. పంచసిద్ధాంతికలో వరాహమిహిరుఁడు దీనికి మందిచ్చెను: ఇష్టచ్ఛాయనుండి మధ్యాహ్నచ్ఛాయను దీసివేసి, 12 కలిపి, దానిచే ఆఱింతల దినమానమును భాగింపవలెను. అప్పుడు మధ్యాహ్నమునకు మధ్యాహ్నమే వచ్చును. ఉదయమున నొకటి రెండు గడియల భేద మీ సూత్రమునకును గలదు గాని, దినము తలక్రిందు కాదు.

విషువదినమున నీ యూర 12 అంగుళముల శంకువునకు నీడ 3 అంగుళముల 9 వ్యంగుళములు. దీనిని 10, 8, 3⅓లచే గుణింపఁగా వచ్చు చరఖండములు 31, 25, 10 విఘడియలు కొంచె మెక్కువగా నుండి, మొత్తము 67. కావునఁ బరమదినమానము 32 గడియల 14 విఘడియలు. వేదాంగజ్యోతిషము పరమదినమునకు 18 ముహూర్తములు, అనఁగా 36 గడియలు చెప్పినది. అది దూరోత్తరదేశపు లెక్క. పెనుకొండ కొండపైఁ జెల్లదు.

రాత్రివేళ మరలఁ గుడుకయే శరణ్యము. దాని లెక్కను విన్నవారికిఁ దెలుపుటలోను నొక చిక్కు గలదు. జామున కేడున్నర గడియలు. జాము మాఱఁగానే ఘంటల లెక్క మరల నొకటినుండి మొదలగును. నిద్ర మేల్కొని మూఁడు ఘంటలు విన్నవాఁ డది రెండవజామో మూఁడవజామో యెఱుఁగఁడు. బాబరు పాదుషా హిందూస్థానమున నీ లోపమును గనిపెట్టి, గడియల ఘంటల వెనుక జాము గుర్తును గూడఁ గొట్టునట్లు తానే కట్టడి చేసెనని యాత్మకథలో వ్రాసికొనెను. 1530లో మరణించిన యా పాదుషా యుద్ధములకన్న నీ చిన్న దిద్దుబాటే నాకు నచ్చును.

కడపట నీటివంతులకు వత్తము. వంతునకు సమత్వము చాలునని పైనఁ జెప్పితిని. ఏ కొలతయు నెఱుఁగని చిల్లుగిన్నె యొకటి చాలును. నీకుఁ బదిమునుకలు, నాకుఁ బదిమునుకలు. గిన్నెలోఁ గపట ముండిన నది యిరువురకు సమానమే. అయిన నిచ్చట నొక గణితదోషము దాఁగియున్నది. పగటి యెండలో పాఱు నీరు కొంత యావిరియగును, రాత్రినీరు మడి చేరును. నడిరేయి కపిలె తోలుట కష్టమునుఁ గలదు. కావున సమకాలము సమజలము గాదు, సమశ్రమయుఁ గాదు. దినమునకు జాములు 8. పాలివారు 8 మంది యైన నెవనిజాము వానికే నిత్యము; నడిరేయివాఁడు నడిరేయివాఁడే. 6 గురైనచో నొకటవజాము వచ్చినవానికిఁ దరువాత 7, 5, 3 జాములు వచ్చి మరల నొకటవదే వచ్చును. సరిసంఖ్యగల జాము వానికెన్నఁడును రాదు. ఏడుగురైనను తొమ్మండుగురైనను ఎనిమిదింటితో సామాన్యభాజకము లేదు గావున, ఎనిమిది వంతులలోఁ బ్రతివానికి నన్ని జాములును వచ్చును. ఎనమండుగురున్న బావికిఁ దొమ్మిదవవంతు నొకదానిని దేవునిమాన్యమునకో, యూరి తొట్టికో విడిచినచో నీ చిక్కు విడిపోవును. మోటారుబావులు వచ్చిన తరువాతఁ గుడుకయు మూలఁబడినది, కపిలెయు మూలఁబడినది; విద్యుత్తు వచ్చు వేళలే జాములైనవి. ఆ వేళలను గొన్నిదినములు పగటికి, కొన్నిదినములు రాత్రికి మార్చునప్పుడు, పాలివారి సంఖ్యకును మార్పుదినముల సంఖ్యకును సామాన్యభాజక మున్నదో లేదో చూచుకొనవలసిన యక్కఱ యిప్పటికిని నట్లే యున్నది.